సత్తెమ్మ టీచర్ చుట్టిన పిడి

ప్యాడిల్ పిడికి కొత్త గ్రిప్పు పట్టీ చుడుతుంటే ఒక వాసన వస్తుంది. కొత్త రబ్బరు చెప్పుల వాసనకు దగ్గరగా ఉంటుంది కానీ అదే కాదు. కొండాపూర్‌లో మా ఫ్లాటు బాల్కనీలో ఈ ఉదయం ఆ పని చేస్తూ కూర్చున్నాను. కింద కోర్టులో పికిల్‌బాల్ ఆడుతున్నారు. కన్నాలున్న ప్లాస్టిక్ బంతిని పెద్ద టేబుల్ టెన్నిస్ బ్యాట్ లాంటి ప్యాడిల్‌తో కొట్టే ఆట అది. దాని టక్, టక్ చప్పుడు ఏడో అంతస్తు దాకా వస్తుంది. ఈ వాసనా ఆ చప్పుడూ కలిస్తే నాకు సత్తెమ్మ టీచర్ గొంతు వినపడుతుంది. "గట్టిగ లాగి సుట్టుండ్రి సారూ. దెబ్బకు కట్టు గట్టినట్టు గట్ల మెల్లగ సుడితే ఎట్ల?"

ఆవిడ జనగామ దగ్గర ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు రమేశ్ కుటుంబంతో మా బ్లాకులోనే ఉండేవారు. నాది కాకినాడ. నీటిపారుదల శాఖలో ఉద్యోగం ముగిశాక ఇక తీరిగ్గా ఉందామనుకున్న సమయంలో నా భార్య శారద పోయింది. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు మానలేదు గానీ అందులో రాయడానికి ఏమీ లేకపోయింది. లేచాను, కాఫీ, పేపరు, నిద్ర. పొద్దున్నే వెళ్ళి కోర్టు పక్క బెంచీ మీద కూర్చునేవాణ్ణి, ఇంట్లో గోడల కంటే అది నయమని. ఒకరోజు ఆవిడ ఆట ఆపి నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఏంది సారూ, రోజూ వచ్చి పహరా కాస్తున్నరు? కోర్టును ఎవలన్న ఎత్తుకపోతరనా?"

"నాకు ఆటలు రావండి."

"ఆడకుంటె ఎట్లొస్తయి? లేవుండ్రి."

ఆడాలంటే ముందు ప్యాడిల్ కొనాలి కదా. నేను ఏది కొన్నా పట్టిక గీసుకుని కొంటాను. బరువు, మందం, బంతి తగిలే ముఖం ఆకారం, పిడి పొడవు అన్నీ పోల్చి, దెబ్బలో బలం ఎక్కువని పేరున్న పొడుగు ప్యాడిల్ తెచ్చి గర్వంగా చూపించాను. ఆవిడ దాన్ని చూపుడు వేలి మీద అడ్డంగా నిలబెట్టబోయారు. ముఖం వైపు ఠక్కున ఒరిగింది. "తల బరువు. అచ్చం మీ లెక్కనే ఉంది," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజుల తరువాత నవ్వానని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

ఆడి చూస్తే ఆవిడ మాట అర్థమైంది. వెనుక గీత దగ్గర నిలబడి కొడితే బంతి దూసుకుపోయేది. నెట్‌కు దగ్గరగా వచ్చి, బంతిని అవతల మెల్లగా పడేయాల్సిన చోట మాత్రం ఆ ప్యాడిల్ నా మాట వినేది కాదు. "వెనక నిలవడి బాదుడే ఆట గాదు సారూ. ముందుకొచ్చినంక మెల్లగ ఏసుడు గూడ రావాలె. రెండు తాన్ల పనికొచ్చేది సూసుకోవాలె," అన్నారు. దానికి ఆవిడ పద్ధతి వేరు. ముందు నన్ను ఒళ్ళు అలిసేదాకా ఆడించారు. అప్పుడు తోటివాళ్ళ ప్యాడిల్స్ ఒక్కొక్కటీ తెచ్చి చేతికిచ్చారు.

"కాస్త ఊపిరి తీసుకుని పట్టుకుంటానండి," అన్నాను.

"అలిసినంకనే పట్టుకోవాలె. తాజాగ ఉన్నప్పుడు చెయ్యి అబద్ధం చెప్తది."

అలా తేలింది నా ప్యాడిల్. మరీ పొడుగూ కాదు, మరీ వెడల్పూ కాదు. బరువు ముఖానికీ పిడికీ మధ్య సర్దుకున్నది. పిడి నా అరచేతికి సన్నమైందని ఆవిడే కోర్టు అంచున కూర్చుని గ్రిప్పు చుట్టారు. పట్టుకున్నాక వేళ్ళ కొసలకీ అరచేతికీ మధ్య ఒక వేలు పట్టేంత సందు ఉండాలని చూపించారు. అప్పటి నుంచి నా డైరీలో పేజీ నిండేది. ఎవరు గెలిచారు, నేను ఏ బంతి ఎందుకు వదిలాను, టీచర్ ఎవరిని ఏమని వెక్కిరించారు.

ఆ మరుసటి వర్షాకాలం ఆవిడ కోర్టుకు రావడం మానేశారు. క్యాన్సరని రమేశ్ చెప్పాడు. చూడటానికి వెళ్తే, దవాఖాన నుంచి వచ్చి సోఫాలో ఒరిగి ఉన్నారు. మణికట్లు సగమయ్యాయి. "పరేషాన్ గాకుండ్రి సారూ. ఒక్కపొద్దు కోర్టు మీద నిలవడి ఆడాలె. ఇంకేం కోరిక లేదు. నా ప్యాడిల్ లేస్తలేదు. మీరైతే మంచిగ సూస్తరు, ఒకటి తెండ్రి."

నేను చాలా శ్రద్ధగా వెతికాను. షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే తేలికైనది తెచ్చాను. ఎండ పడని ఒక ఉదయం రమేశ్ ఆవిడ భుజం పట్టుకుని కోర్టుకు తీసుకొచ్చాడు. నేను నెట్ అవతల నుంచి బంతి మెల్లగా వేశాను. బంతి తగలగానే ఆ తేలిక ప్యాడిల్ వెనక్కి పోయింది, మణికట్టు మెలిపడింది. ఇంకోటి వేశాను. అదీ అంతే. ఆవిడ కాసేపు దాన్ని తిప్పి చూశారు.

"సారూ, ఇది నా రోగానికి కొన్నరు. నాకు గాదు."

ఆవిడ నా చేతిలో ఉన్న ప్యాడిల్ కోసం చెయ్యి చాపారు.

"బరువండి, టీచర్ గారూ."

"బరువైతే దించుత. ఇటియ్యుండ్రి."

రెండు చేతులా పట్టుకున్నారు. వెనుక గీత దగ్గర నిలబడి, రమేశ్ వదిలిన బంతి నేల తాకి లేవగానే ఒక సర్వ్ చేశారు. బంతి సరిగ్గా నా కాళ్ళ ముందు పడింది. తరువాత రమేశ్ ఆసరాతో నెట్ దాకా నడిచొచ్చి, నేను వేసిన బంతిని అలా తాకించి వదిలారు. అది నెట్ దాటి అక్కడే ఆగిపోయింది. నేను కావాలని వదల్లేదు, నిజంగానే అందలేదు. ఆట ముగిశాక నెట్ మీదుగా ప్యాడిల్స్ తాకించుకోవడం ఆనవాయితీ. ఆవిడ చేతిలో నాది, నా చేతిలో ఆవిడ కోసం తెచ్చింది. తాకించుకున్నాం. నాది తిరిగి ఇస్తూ పిడిని బొటనవేలితో నొక్కి చూశారు. "వదులైంది సారూ. మళ్ల వచ్చినప్పుడు సుట్టిస్త."

మళ్ళీ రాలేదు.

ఆ తేలిక ప్యాడిల్ ఇప్పుడు క్లబ్‌హౌస్ అల్మారాలో ఉంది. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని పట్టుకుని, హాయిగా ఉందండీ అంటారు. ఆడి అలిసిపోయి వచ్చి మళ్ళీ పట్టుకోండి అంటాను. పిడి సైజు అడిగితే వేళ్ళ సందు చూపిస్తాను. మొన్న పక్క బ్లాకు కిరణ్ నా ప్యాడిల్ అందుకుని ఆశ్చర్యపోయాడు. "అంకుల్, ఇంత లావుగా ఉందేంటండీ? పాత గ్రిప్పులన్నీ తీసేసి చుట్టాలి కదా!"

అతను చెప్పింది సరైనదే. ఈ పిడి చుట్టూ ఇప్పుడు నా వేళ్ళు పూర్తిగా తిరగవు. నెట్ దగ్గర బంతులు పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో డైరీలో రాసుకున్నాను కూడా. ఈ ఉదయం పై గ్రిప్పు విప్పి, దాని కిందదీ విప్పి, టీచర్ చుట్టిన దాని అంచు దాకా వచ్చాను. నల్లగా, అక్కడక్కడ చిట్లి ఉంది. గోరు పెట్టి కాస్త లేపాను. మళ్ళీ అదిమేశాను. కొత్తది తీసుకుని, గట్టిగా లాగి, దాని మీదే చుట్టాను.