రెండు పైపు ముక్కల నడుమ మా బావ

మొన్న మా వీధిలో కందకం తవ్వి పాత ఇనుప పైపులు పీకేస్తుంటే, అరుగు మీద కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తుప్పు పట్టి, లోపల సున్నంతో సగం పూడుకుపోయిన ఆ పైపుల్లో కొన్ని మేము వేసినవే. మేము అంటే నేనూ, మా అక్క భర్తా. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తెలంగాణ వచ్చిన కొత్తలో మా దేవరకొండలో పాత ఇళ్ళన్నిటికీ కొత్తగా స్నానాల గదులు కడుతుండేవారు, నల్లా పని తెలిసిన మనిషికి అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. వానను నమ్ముకున్న సేద్యం చేతికి రాక, నడివయసులో పానా పట్టుకున్నవాణ్ణి నేను. పట్టించినవాడు బావ.

ఏ ఇంటికి పోయినా ఆయన మొదట అడిగేది మీటరు ఎక్కడుందని. మెయిన్ బంద్ చేయించి, టెస్టరు పైపుకు ఆనించి చూసి, తడి లేని చెక్క ఒకటి కాళ్ళ కింద వేసుకుని, అప్పుడు గానీ రంపం తీసేవాడు కాదు. మిక్సీ ఆగిపోయిందనో, టీవీ ఆగిపోయిందనో ఇంట్లోవాళ్ళు విసుక్కుంటే నవ్వేవాడు. "కరెంటు ఇంకో గడియకు వస్తది తల్లీ, నేను గూడ ఇంటికి పోవాలె గద" అనేవాడు.

ఆయన జాగ్రత్తకు కారణం లేకపోలేదు. మా నేలంతా రాయి. ఎర్తింగు కోసం గుంత తవ్వాలంటే గడ్డపార వంగిపోతుంది. అందుకని కరెంటు పనివాళ్ళు చాలా ఇళ్ళల్లో ఎర్తు తీగను తెచ్చి నల్లా పైపుకు చుట్టేసి పోయేవారు. ఇనుప పైపు ఎలాగూ భూమిలోకే పోతుంది గనుక, ఇంట్లో ఏ వస్తువు పాడై కరెంటు కారినా అది పైపు గుండా మట్టిలో కలిసేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పైపు తెగనంత కాలం అంతా బాగానే ఉండేది.

ఒక రోజు మేము పోయిన ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నది. నడుమ గోడ లేచింది, మీటర్లు రెండయ్యాయి, నేల కింది పైపు మాత్రం తండ్రి నాడు వేసినదే, ఇద్దరికీ ఒక్కటే. అన్న వాటాలో పైపు కారుతోందని పిలిచారు. ఆ వాటా మెయిన్ నేనే బంద్ చేశాను. "జర మల్లొక్కసారి చూసి రా బామ్మర్ది" అంటే మళ్ళీ పోయి చూసి వచ్చాను. బావ టెస్టరు పెట్టాడు, వెలగలేదు. తుప్పు పట్టిన ముక్కను కోసి తీసి నా చేతికిచ్చాడు. నేను వాకిట్లో కూర్చుని అదే కొలతకు కొత్త ముక్క కొసలకు బిగింపు మర కోస్తున్నాను.

గోడ అవతల తమ్ముడి భార్య స్నానానికని నీళ్ళ హీటరు వేసింది.

నాకు అరుపేమీ వినపడలేదు. పానా బండ మీద పడ్డ చప్పుడు వినపడింది, అంతే. పోయి చూస్తే బావ గుంతలో మోకాళ్ళ మీద ఉన్నాడు, ఒక చెయ్యి ఈ పైపు కొసన, ఒక చెయ్యి ఆ పైపు కొసన. "అవుతలింట్ల బంద్ చేయుండ్రి" అని అరుస్తూనే తలుపుకు అడ్డం పెట్టే కర్ర తెచ్చి ఆయన చేతుల్ని తోశాను. ఆటోలో తల నా ఒళ్ళో పెట్టుకుని, "బావా, బావా" అని పిలుస్తూనే ఉన్నాను. దవాఖానలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు.

అక్కడికి వచ్చిన ఒక ముసలి కరెంటాయన నాకు అప్పుడు విడమరిచి చెప్పాడు. పాడైన హీటరు కరెంటు ఎర్తు తీగ గుండా ఆ పైపులోకే వచ్చింది. పైపు తెగి ఉంది, ఆ ఇంటి కింద అంతా రాయే గనుక దానికి భూమిలోకి సరైన దారి లేదు. రెండు కొసలూ పట్టుకున్న మనిషే దారి అయ్యాడు. కోసే ముందే కోతకు ఇటూ అటూ పైపుకు లావుపాటి తీగ ఒకటి గట్టిగా బిగిస్తే కరెంటు దాని గుండా పోయేదట, పక్కవాటా మెయిన్ కూడా బంద్ చేయించాల్సిందట. ఆ మాట బావకూ తెలియదు, నాకూ తెలియదు, ఆయనకు పని నేర్పిన వాళ్ళకూ తెలియదు.

దినాలైన తర్వాత ఆ తమ్ముడి భార్య మా అక్క గడప దగ్గరికి వచ్చి కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. "నేనే వేసిన అక్కా, గా స్విచ్చి నేనే వేసిన" అని అదే మాట అంటుంటే, అక్క ఆమె చెయ్యి పట్టుకుని, "నీకేమెరుక బిడ్డా, నీళ్ళకే గద వేసినవ్" అంది. ఆ ఓదార్పు ఆమె తట్టుకోలేకపోయిందనుకుంటాను. మళ్ళీ మా వీధికే రాలేదు.

నేను పని మానలేదు, మానితే రెండు ఇళ్ళ పొయ్యిలూ ఆరిపోతాయి. సంచిలో లావుపాటి తీగ పెట్టుకుని తిరిగాను. ప్రతి ఇంట్లో చెప్పాను, పైపుకున్న ఎర్తు తీగ విప్పించి, గుంత తవ్వించి, రాగి కడ్డీ వేయించమని. "ఇన్నేండ్ల సంది ఏం గాలే, ఇప్పుడేమైతది" అన్నారు. ఇంకొందరు కరెంటాయనకు చెప్పమన్నారు. కరెంటాయనకు చెబితే నల్లాల ముచ్చట నీదే గద అన్నాడు. తోటి పనివాళ్ళు తీగను చూసి తలూపి, మరునాడు ఒట్టి చేతులతోనే కోశారు. ఇప్పుడు నేల కింద ప్లాస్టిక్కు వచ్చింది, దానిలో కరెంటు పారదు గనుక ఇక భయమే లేదంటున్నారు. ఇళ్ళల్లో మిగిలిన ఇనుప ముక్కలకు ఆ ఎర్తు తీగలు చుట్టి అలాగే ఉన్నాయి. ఇదివరకు మట్టిలోకి పోయే కరెంటు ఇప్పుడు ఆ ముక్కలోనే, ఎవరో ఒకరు నల్లా తిప్పేదాకా కాచుకుని ఉంటుంది. ఈ మాట కూడా చెప్పి చూశాను. ఈ మధ్య చెప్పడం తగ్గించాను.

మా అక్క వంటింట్లోకి కూడా నల్లా వచ్చింది. ఆమె దాని మీద చెయ్యి వేయదు. ఇప్పటికీ పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని వీధి చివరి బోరింగు దగ్గరికే పోతుంది, నేను ఎదురుపడి అందుకోబోతే తల అడ్డంగా ఊపుతుంది. మన కాలంలో నీళ్ళు దూరంగా ఉండేవి, మోసి మోసి నడుములు పడిపోయేవి, అయినా వాటికి భయపడినవాళ్ళు లేరు. ఇప్పుడు ఇంట్లోకే వచ్చాయి.