మిద్దె మీద మట్టి

ఆస్పరి దగ్గర పల్లెలో మా అన్న పాత మట్టిమిద్దె విప్పి స్లాబు వేయించుకుంటున్నాడని తెలిసి, ఆ మిద్దె మీది మట్టి నాకు కావాలని ఫోన్ చేసినాను.

"ఆదోనిలో మట్టికి కరువొచ్చిందేమే?" అని నవ్వినాడు.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. ఇల్లు పెద్దదే. కానీ ఎండాకాలం పైగదిలో పడుకుంటే పెనం మీద రొట్టెలా ఉండేది. పుట్టింట్లో మట్టిమిద్దె కింద మధ్యాహ్నాలు ఎంత చల్లగా కునుకు తీసేదాన్నో చెప్పి చెప్పి మా ఆయన్ను ఒప్పించినాను. మేస్త్రి వచ్చి చూసి, స్లాబు బరువు మోస్తుందన్నాడు. నీళ్లు దిగకుండా మందపాటి పట్ట పరిచి, దాని మీద జానెడు లోపే మట్టి పోయించినాడు. పిట్టగోడ వెంబడి నేనే మట్టి తడిపి, మెత్తి, చిన్న గట్టు కట్టినాను.

మా అత్తకు ఇదేమీ నచ్చలేదు.

"మిద్దె మింద గడ్డి మొలిస్తే పాడుపడిన కొంప అంటారమ్మే. బజారులో మనకో పేరుంది."

ఆమె అన్నట్టే అయింది. వానలు మొదలు కాగానే గరిక లేచింది. వెనకనే తుమ్మి, పల్లేరు. పెళ్లికి పిలవడానికి వచ్చిన బంధువులు పైకెక్కి చూసి, "ఏమక్కా, మేకలు కొంటాండారా?" అని అత్తను అడిగినారు.

నూనె డబ్బాల్లో అత్త వంకాయ మొక్కలు పెంచేది. పూత బాగానే వచ్చేది, రాలిపోయేది. ఒకరోజు వాటికి నీళ్లు పోయడానికి పైకెక్కి కేకేసింది. పోయి చూస్తే గట్టులో పెన్సిలు పట్టేంత బొక్కలు, వాటిలోకి తేనెటీగలు దూరుతున్నాయి.

"పిల్లోళ్లు తిరిగే ఇల్లు. ఫినాయిల్ తీసకరా!"

"ఇవి తేనెపట్టు కట్టే ఈగలు కాదత్తా. ఒక్కోదానికి ఒక్కో బొక్క. మా ఊర్లో గోడల నిండా ఉండేవి. పట్టి నలిపితే తప్ప కుట్టవు. రేపు పొద్దున నా పక్కన కాసేపు కూర్చో. ఆ తర్వాత నీ ఇష్టం."

మర్నాడు ఇద్దరమూ గట్టు పక్కన చాప వేసుకున్నాము. అత్త కొంగు ముఖం చుట్టూ గట్టిగా బిగించుకుంది. ఎండ గట్టుకు తాకినాక ఒక బొక్కలోంచి తల బయటికొచ్చింది. కళ్లు పెద్దవి, నల్లటి పొట్ట మీద నీలం చారలు. ఆమె చేతి పక్క నుంచే ఎగిరి, నేరుగా వంకాయ పువ్వును పట్టుకొని వేలాడి, జుయ్యిమని ఒళ్లంతా వణికించింది. పువ్వు కూడా దానితో వణికింది. పసుపు పొడి రాలి దాని పొట్టకు అంటుకుంది.

అత్త కొంగు జారిపోయింది. "ఏందే అది, పువ్వును పట్టుకొని ఊపుతాంది?"

"పుప్పొడి రాలగొట్టుకుంటాంది. మన వంకాయకు కావాల్సింది కూడా అదే."

ఆమె ఫినాయిల్ మాట ఎత్తలేదు. కొన్నాళ్లకు పూల వెనక కాయలు దిగినాయి. గుత్తి వంకాయ చేసి ఇరుగుపొరుగుకు గిన్నెలతో పంపింది. గడ్డి గురించి ఎవరైనా అంటే, "మా ఈగలుండేది ఆడనే" అని కోపంగా చెప్పేది.

ఎండాకాలంలో అవి కనబడక బెంగపడింది. వాటి పిల్లలు బొక్కల్లోనే నిద్రపోతాంటాయని నేను చెప్పినా గట్టును చేత్తో తడిమి చూసేది. వానలకు మళ్లీ వచ్చినాక గాని ఆమె మనసు కుదుటపడలేదు. అప్పుడు ఎమ్మిగనూరులో ఉన్న కూతురికి సంచి నిండా మట్టి పంపించింది. "ఎండ తగిలే పక్క గట్టు కట్టు. మందులు గిందులు కొట్టొద్దు," అని ఫోనులో ఆమె చెబుతుంటే, పక్కగదిలో నేను నవ్వు ఆపుకోలేకపోయినాను.

ఈ ఏడు తొలివాన పడిన మర్నాడు అత్త పైనుంచి నన్ను పిలిచింది. ఆమె అరచేతిలో ఎర్రటి ముఖమల్ చుక్కలా ఒక ఆరుద్ర పురుగు నడుస్తోంది.

"ఇంత ఎత్తుకు ఎట్లెక్కిందే ఇది?"

"నాకూ తెలియదత్తా."

అది వేలి చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి, మళ్లీ అరచేతిలోకి వచ్చింది. కింద మా ఆయన టిఫిన్ కోసం పిలుస్తానే ఉన్నాడు.