చెవికి ఆనిన స్క్రూడ్రైవర్

రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన మా చిన్న కారును తెనాలిలో కాపాడుతూ వచ్చిన వృద్ధ మెకానిక్‌గారు, స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. “పలుకుతోందండి” అన్నాకే బండి అప్పగించేవారు.

చివరిసారి, రేపల్లె ప్రయాణానికి ముందు చూపించినప్పుడు, ఇంజనులో ఏదో కొట్టుకుంటున్న చప్పుడు నాకే స్పష్టంగా వినిపించింది. ఆయన మాత్రం కళ్లు తెరిచి నవ్వారు.

“సుబ్బరంగా పలుకుతోంది బాబూ. రేపల్లేంటి, బాపట్ల దాకా లాగించేయండి!”

ఆయనకు చెముడు వచ్చిందని అర్థమైంది. కాలేజీ చర్చల్లో ఒక్క అసత్యాన్నీ ప్రశ్నించక వదలని నేను, పనివాళ్ల ఎదుట ఆయనను చిన్నబుచ్చలేక ఊరుకున్నాను.

ఆయన మాట నిలబెట్టాలని బాపట్లకే బయల్దేరాను; చేరకముందే ఇంజను బద్దలైంది. అలాంటిది మరొకటి దొరకదు. వచ్చి చూసిన ఆయన, ఆ పగులును వేలితో తడుముతూ అడిగారు.

“చప్పుడు మీకూ వినపడలేదా బాబూ?”

లేదని తల అడ్డంగా ఊపాను.