పాపక్క పూసిన ఎర్ర గుర్తు

జ్ఞానప్రకాశం హైడ్రాలజిస్టు. సొంతూరు మదనపల్లె, బెంగళూరు వచ్చి ముప్పై ఏళ్లయింది. నగరమంతా నీళ్లు ఎప్పుడొస్తాయని అడుగుతుంటే, ఎంత లోతులో ఉన్నాయని అడుగుతూ తిరిగే మనిషి ఆయన. సర్జాపుర దగ్గర మురుగు కాలువ ప్రవాహం కొలవాల్సి వస్తే ముక్కుకు రుమాలు కట్టుకుని కొలుస్తాడు. బావుల దగ్గర ఆ బాధ లేదు. స్టీలు టేపు చివర సుద్ద రుద్ది లోపలికి వదులుతాడు. పైకి లాగి, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి నీటి లోతు రాసుకుంటాడు. ఆఫీసులో సెన్సార్లున్నాయి. వాటి మీద ఆయనకు గౌరవమే గానీ, నమ్మకమంతా సుద్దముక్క మీదే. నగరం అంచున ఉన్న కాడుగోడిలో ఆయన్ని సుద్ద సారు అంటేనే గుర్తుపడతారు.

ఆ కాడుగోడిలో పాపక్క ఇంటి వెనక ఒక పాత బావి ఉంది. పందొమ్మిదేళ్లుగా ప్రతి నెలా ఐదో తారీఖున సారు అక్కడ హాజరు. పిట్టగోడ మీద తానే వేసిన ఎర్ర రంగు గుర్తుకు టేపు ఆనించి కొలుస్తాడు. ఆ తర్వాత అదే గోడ మీద కూలబడి, పాపక్క ఇచ్చే రాగి అంబలి తాగి, ఆవిడ మోకాళ్ల నొప్పులూ తన మోకాళ్ల నొప్పులూ ముచ్చటించుకుని వెళతాడు.

కారు పెట్టుకోవడానికి బావి పూడ్చాలని పాపక్క కొడుకు చేతన్ కోరిక. చెడ్డవాడేం కాదు, కారు వీధిలో పెట్టి రెండుసార్లు అద్దం పగలగొట్టించుకున్నవాడు. పోరు పడలేక పాపక్క ఒక షరతు పెట్టింది. పోయిన ఏప్రిల్ కంటే ఈ ఏప్రిల్‌లో నీళ్లు దిగిపోయి ఉంటే పూడ్చుకోవచ్చు. లేదంటే ఆ బావి జోలికి వెళ్లకూడదు. సుద్ద సారు ఏం చెబితే అదే ఖాయం.

సరిగ్గా అప్పుడే సారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని మూడు నెలలు మంచాన పడ్డాడు. ఆయన బదులు ఆఫీసు నుంచి స్పందన అనే కొత్త ఇంజనీరు వెళ్లి కొలిచింది. శ్రద్ధగల పిల్ల, చెప్పినట్టే ఎర్ర గుర్తు నుంచి కొలిచింది. గుర్తు నుంచి నీటిదాకా పోయిన ఏప్రిల్‌లో ఆరు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. ఈ ఏప్రిల్‌లో ఆరు నలభై ఐదు. చేతన్ ఫోన్ చేస్తే జ్ఞానప్రకాశం ఆ అంకె దాచలేకపోయాడు. నీళ్లు పావు మీటరు దిగాయని చెప్పేశాడు. జీవితంలో వేల అంకెలు రాశాడు గానీ, ఏ అంకె మీదా ఇంత కోపం రాలేదు.

శనివారం మట్టి లారీ వస్తుందని తెలిసింది. చివరిసారి చూసిపోదామని శుక్రవారం పొద్దున్నే చేతికర్రతో ఆటో ఎక్కి కాడుగోడి చేరాడు. పాపక్క బావి దగ్గరే నిలబడి ఉంది. ఆయన అలవాటుగా వెనక్కి తిరిగి గోడ మీద కూర్చోబోయాడు. గోడ అంచు నడుముకు తగిలింది.

ఆపరేషన్‌లో డాక్టరు కాలుగానీ పొట్టి చేశాడా అని ఒక్క క్షణం నిజంగానే అనుమానపడ్డాడు. అప్పుడు వంగి చూశాడు. పాత రాతి గోడ మీద రెండు వరుసల సిమెంటు దిమ్మెలు కొత్తగా లేచి ఉన్నాయి.

"ఈ గోడ ఎప్పుడు లేపినారు పాపక్కా?"

"నువ్వు జనవరిలో వచ్చిపోయినాక అప్పా. మనవరాలు ఊరికూరికే తొంగి చూస్తా ఉండాదని భయమేసి లేపించినా. మేస్త్రీ నీ గుర్తును మూసేసినాడు. సారు వచ్చి ఎతుక్కుంటాడు గదా అని నేనే రంగు తెచ్చి మళ్లీ పైన పూసినా. సరిగ్గా అదే చోట."

సరిగ్గా అదే చోట, నలభై సెంటీమీటర్లు పైన. గుర్తును చెరిపేసినవాళ్లను ఆయన చూశాడు, దాని మీద బట్టలు ఆరేసినవాళ్లను చూశాడు. ఇంత ప్రేమగా పైకి జరిపినవాళ్లను చూడటం ఇదే మొదలు. కొత్త మోకాలు మూలుగుతున్నా పట్టించుకోకుండా టేపు వదిలాడు. ఆరు నలభై ఐదే. అందులోంచి నలభై తీసేశాడు. చేతన్‌ను కేకేశాడు.

"నీళ్లు దిగలేదు చేతన్. పోయినేటి కంటే పదిహేను సెంటీమీటర్లు పైకొచ్చినాయి. గోడ సంగతి అడక్కుండా నీకు అంకె చెప్పినా. తప్పు నాది."

చేతన్ గోడను, టేపును, తల్లి మొహాన్ని మార్చి మార్చి చూశాడు. ఏదో గొణుక్కుంటూ ఫోన్ తీసి, లారీవాణ్ణి రావద్దన్నాడు.

పాపక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఆవిడకు మరో దిగులు పట్టుకుంది.

"నీ గుర్తు గురించి ఆలోచిస్తిని గానీ, నువ్వు యాడ కూర్చుంటావని ఆలోచించలేదప్పా."

మరుసటి నెల ఐదున ఆయన వెళ్లేసరికి బావి పక్కన ఒక రాతి బండ వేసి ఉంది. అది తన చోటని అందరికీ తెలిసేలా దాని మీదా ఒక ఎర్ర గుర్తు ఉంది. జ్ఞానప్రకాశం ముందు టేపు తీసి ఆ బండ ఎత్తు కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తర్వాతే కూర్చున్నాడు.