ఏడుపు లేని అర్జీ

పన్నెండేళ్లు టీవీ సీరియళ్లకు మాటలు రాశాను. అత్త ఏడవాలి, కోడలు ఏడవాలి, బ్రేక్‌కి ముందు ఎవరో ఒకరు కుప్పకూలాలి. నలభై ఆరో ఏట ఒకరోజు, పాత సీనే మళ్లీ రాస్తున్నానని తెలిసింది. తెలిసీ పంపించేశాను. అలా పంపించగలిగినందుకే భయమేసింది. రెండు నెలల్లో హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి, పెదబయలు దగ్గర చిన్న ఊళ్లో గది అద్దెకు తీసుకున్నాను. నవల రాస్తానని అందరికీ చెప్పాను. చోటు మారితే మనిషి మారుతుందని అప్పట్లో నా నమ్మకం.

గది ఇచ్చినావిడకి యాభై దాటాయి. భర్త పోయాడు. కొండవాలులో కొంచెం కాఫీ, మిరియాలు, కింద చోళ్లు, అంటే రాగులు, పండిస్తుంది. పొద్దున్నే కత్తి నడుముకి దోపుకుని వెళ్లిపోయేది. నేను కుర్చీ కిటికీ దగ్గరికి జరిపేదాన్ని, మళ్లీ గోడవైపు జరిపేదాన్ని. ఫోన్ సిగ్నల్ కోసం గుట్టెక్కి, ఎవరూ ఏమీ పంపలేదని చూసుకుని దిగేదాన్ని. మొదటి పేజీ ఎన్నిసార్లు చించానో లెక్కలేదు.

"గుడ్డెట్టడానికి సోటు దొరకని కోడినాగ తిరగతన్నావేటి మేడం?" అంది ఒక సాయంత్రం.

"రాత సాగడం లేదక్కా."

"అయితే మాకొకటి రాసిపెట్టు."

ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. వానలు పడితే దాటలేరు. దాని మీద చిన్న వంతెన కావాలని ఊరి ఆడవాళ్లు అర్జీ పెట్టాలనుకుంటున్నారు. ఈవిడ కూతురు ఆ గెడ్డ ఒడ్డునే పుట్టింది. నొప్పులొస్తే డోలీలో ఆస్పత్రికి మోసుకెళ్తూ, నీళ్లు ఎక్కువై ఆగిపోయారట. ఆ సంగతి రాస్తే ఆఫీసరు వింటాడని వాళ్ల ఆశ.

నాకు ప్రాణం లేచొచ్చింది. గంటలో మూడు పేజీలు రాశాను. ఉరుములు, మెరుపులు, ఆవిడ గుండెలవిసేలా ఏడవడం, డోలీ మోసేవాళ్లు ఆకాశం వైపు చేతులెత్తి మొక్కడం. మర్నాడు ఆవిడ, పక్కింటి ముసలావిడ అరుగు మీద కూర్చుని కాఫీ పళ్లు ఏరుతుంటే చదివి వినిపించాను.

ఆవిడ పచ్చికాయ ఒకటి తీసి పక్కన పడేసింది.

"ఇది ఎవులి గురించి మేడం?"

"నీ గురించేగా అక్కా."

"నానేడవలేదు."

"నొప్పులు పడుతున్నప్పుడు..."

"గెడ్డ సప్పుడులో ఏడిస్తే ఎవులికి ఇనబడతాది? మజ్జానం గుంట పుట్టింది. ఉన్నది ఒకటే గొడుగు. నా మీద కాదు, గుంట మీద పట్టండని తిట్టినాను. పొద్దుగూకే యేలకి నీళ్లు తగ్గాయి. అందాకా కూకున్నాం. ఆకాశమేపు ఎవులూ సూడలేదు, అందరం నీళ్లేపే సూసినాం."

"ఆ గొడుగు నాదే. సిల్లు కూడా ఉండేది," అంది ముసలావిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు కోపమొచ్చింది. ఏడుపు లేకపోతే ఆఫీసులో ఎవరు కదులుతారు, ఈ పని నాకు తెలియదా అనుకుంటూ గెడ్డ దాకా నడిచాను. నీళ్లు పాదాల లోతున కూడా లేవు. ఒడ్డున నిలబడి, గొడుగు పట్టమని తిడుతున్న మనిషిని ఊహించుకోబోయాను. నాకు కనిపించలేదు. నాకు కనిపించేదల్లా నేను రాసిన ఏడుపే. అప్పుడు సిగ్గేసింది.

రెండోసారి రాసింది అరపేజీ. ఆవిడ చెప్పిందే రాశాను, నీళ్ల లోతు మాత్రం నా అంచనా. విన్నాక ఒక్క మాట దిద్దింది. "నడుం లోతు కాదు, రొమ్ము లోతు." తర్వాత కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

ఇద్దరం జీపెక్కి మండలాఫీసుకి వెళ్లాం. ఆఫీసరు నిలబడే చదవడం మొదలుపెట్టి, గొడుగు దగ్గరికొచ్చేసరికి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ పాప ఇప్పుడెక్కడుంది?"

"గూడెం కొత్తవీధిలో ఇచ్చినాం బాబూ. వానాకాలం కన్నోరింటికి రాదు."

ఆయన అర్జీ అంచున ఏదో రాసి సంతకం పెట్టాడు. కొలతలు తీసుకోవడానికి ఇంజనీర్లు రెండుసార్లు వచ్చి వెళ్లారు. ఒక వానాకాలం మామూలుగానే గడిచింది. తర్వాతి ఎండల్లో తూములు దించి, పైన కాంక్రీటు పోశారు. అర్జీ వల్లే జరిగిందో, ఎలాగూ జరగాల్సిందే జరిగిందో నాకు తెలియదు. ఆవిడ కూతురు మాత్రం ఆ ఏడాది శ్రావణంలో ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చి పది రోజులుంది.

నవల పక్కన పెట్టాను. సీరియళ్లు పూర్తిగా మానలేదు, తిండికి అవి కావాలి. జి.మాడుగుల వైపు నుంచి కూడా అర్జీలు రాయించుకోవడానికి వస్తున్నారు. ముందు వాళ్లని చెప్పనిస్తాను, మధ్యలో మాటలు అందించకుండా ఉండటానికి చాలా కష్టపడతాను. కొన్నాళ్లుగా ఇదీ విసుగొస్తోంది. ఇక్కడికొచ్చి నేనేం మారానని ఎవరైనా అడిగితే తడుముకుంటాను. మొన్న సంతలో, అక్కడ గది దొరుకుతుందేమోనని చింతపల్లి బస్సు ఎన్నింటికని అడిగి, టైము చేతి మీద రాసుకున్నాను. ఇంకా ఎక్కలేదు.