తేగల కట్ట పట్టుకెళ్ళిన పెద్దమనిషి

అది మార్గశిర మాసం, లక్ష్మివారం, పొద్దున తొమ్మిదిన్నర గంటలు. మా ఇంట్లో గడియారం లేదు, ఉన్నా చూడ్డం వచ్చినవాళ్ళు లేరు, కానీ తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు భట్టిప్రోలు స్టేషన్లో కూత వేసేది ఆ వేళకే. మొన్న తెనాలిలో, మా మూడో అంతస్తు వంటింట్లో, కుక్కర్లో తేగలు ఉడుకుతుంటే ఆ తీపి మట్టివాసన ఇల్లంతా కమ్ముకుని, ఆ పొద్దంతా మళ్ళీ నా కళ్ళముందుకొచ్చింది.

ఆ వాసనకే పక్క ఫ్లాట్ విశ్వనాథం కూడా వచ్చాడు. ఏదో ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. అప్పట్నుంచీ తెలుగు భాషని తనే బతికిస్తున్నానని ఆయన నమ్మకం. నీళ్ళ ట్యాంకరు రాలేదని చెప్పడానికి "జలాగమనమునకు విఘాతము కలిగినది" అంటాడు. వాచ్‌మన్ తల గోక్కుంటూ నా దగ్గరకొచ్చి "నీళ్ళు వచ్చినట్టా రానట్టా అమ్మమ్మా?" అని అడుగుతాడు. మొన్న గుమ్మంలో నిలబడి, "మాతృమూర్తీ, ఈ సౌరభము మమ్ము మిక్కిలి ఆకర్షించుచున్నది" అన్నాడు.

"తేగలు కావాలా?" అన్నాను.

"ఆఁ, రెండివ్వండి" అన్నాడు. ఆకలేస్తే మాట ఎంత చిన్నదైపోతుందో చూడండి.

నాకు ఇలాంటివాళ్ళంటే ఒళ్ళుమంట. అది ఇవాళ పుట్టింది కాదు.

మా చిన్నప్పుడు భట్టిప్రోలు దగ్గర పల్లెలో మాది తాటాకిల్లు. చూరు ఎంత కిందికుండేదంటే వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా తల వంచుకునే రావాలి. కార్తీకంలో తాటి టెంకలు పాతిన పాతర తవ్వి, టెంక కొట్టి లోపలి బుర్రగుంజు తినేవాళ్ళం. మార్గశిరం వచ్చేసరికి కోతలు మొదలై ఊరంతా పచ్చిగడ్డి వాసన, కాలవ గట్ల మీద మంచు, అందరి కాళ్ళకీ బురద. తేగలు ముదిరితే అమ్మ పాత కుండలో నిలువుగా పేర్చి, మూతికి గడ్డి కుక్కి, బోర్లించి చుట్టూ మంట పెట్టేది. ఆ తంపటి దగ్గర మా అక్క కోటేశ్వరీ నేనూ చలి కాచుకుంటూ, తేగ చీల్చి, చందమామ అని మేం పిలిచే లోపలి తెల్లటి లేతాకు ఎవరికి పొడుగ్గా వస్తే వాళ్ళకి పెద్దింటి సంబంధం అని పందెం వేసుకునేవాళ్ళం.

ఆ లక్ష్మివారం అమ్మ తెల్లారకుండానే తలంటుకుని, ముగ్గులేసి, లక్ష్మీదేవి పటానికి పూజ చేసి, బియ్యప్పిండితో చేసిన కుడుములు మాకు తలా ఒకటి పెట్టింది. నాన్న కోతకి పోయాడు. పక్కింటి మస్తాన్‌బీ అత్త చేట పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది. అప్పుడు వచ్చాడు నరసయ్య తాత, రైలు దిగి, జరీ కండువా సర్దుకుంటూ.

ఆయన మా అమ్మ పుట్టిన ఊరి పెద్ద. బాపట్ల నుంచి సూర్యలంక పోయే దారిలో వాళ్ళ ఊరు. అమ్మకి వరసకి బాబాయి. నాలుగు పుస్తకాలు చదివాడని పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో ఆయన్నే మాట్లాడమనేవాళ్ళు. ఒక్క ముక్క ఎవరికీ అర్థమయ్యేది కాదు, అందుకే అంత మర్యాద.

అమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, "మా తమ్ముడు బాగున్నాడా బాబాయ్?" అని అడిగింది. అమ్మకి ఒక్కడే తమ్ముడు, శేషయ్య మామ. తను చంకనేసుకుని పెంచిన పిల్లాడు.

తాత గొంతు సవరించుకుని, కళ్ళు అరమూసుకుని అన్నాడు: "అమ్మాయీ, నీ అనుజుడు శయ్యాగతుడై అవసానమునకు చేరువైనాడు. నీ సత్వర సందర్శనము వాంఛనీయము."

అలాంటి మాటలు మేం విన్నది గుళ్ళోనూ, పెళ్ళిపీటల దగ్గరానే. రెండుచోట్లా అవి అయిపోగానే అక్షింతలు పడతాయి. పూజ చేసుకుని లేచిన రోజు, పుట్టింటి పెద్ద వచ్చి తమ్ముడి గురించి అంత బరువైన మాటలు అంటుంటే అమ్మ అది దీవెననుకుంది. చేతులు జోడించి, "అంతా మీ చలవ బాబాయ్" అంది. మస్తాన్‌బీ అత్త కూడా కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

అమ్మ కుడుములు పెట్టింది. తాత తిన్నాడు. తంపటి విప్పి, లావుపాటి తేగలు ఏరి, తాటినారతో కట్ట కట్టి ఆయన చేతిలో పెట్టి, "మా తమ్ముడికి ఇవంటే ప్రాణం. వేడి తగ్గకుండా ఇవ్వండి. కోతలవగానే వస్తానని చెప్పండి" అంది. ఆయన ఒక్క క్షణం కట్ట వంక చూశాడు. నేను చూశాను ఆయన చూడ్డం. "తథాస్తు" అన్నాడు. చూరు తగలకుండా తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా అక్కా నేనూ తొక్కుడుబిళ్ళ ఆడుతూ, గడికో మాట చొప్పున "శయ్యాగతుడై! అవసానమునకు! వాంఛనీయము!" అని అరుస్తూ గెంతాం. అమ్మ వడ్లు దంచుతూ మమ్మల్ని చూసి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మామ దగ్గర పనిచేసే పోలయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాకిట్లోంచే "అక్కా, తమ్ముడు పోయాడే" అన్నాడు. అది మాటంటే. దానికి అర్థం అడగాల్సిన పని లేకపోయింది.

మేం వెళ్ళేసరికి తేగల కట్ట కట్టినట్టే వసారాలో మేకుకి వేలాడుతోంది. దీపాలు పెట్టే వేళదాకా మామ గుమ్మం వంకే చూస్తూ ఉన్నాడంట. "కబురంపితే తేగలు పంపిస్తావటే? నీకు కోతలే ఎక్కువయ్యాయటే?" అని మా అమ్మమ్మ, అమ్మ మొహం చూడకుండా అడిగింది. నరసయ్య తాత అక్కడే మడత కుర్చీలో కూర్చుని, "నేను సవిస్తరముగా విన్నవించితిని" అన్నాడు.

అమ్మ "నాకు అర్థం కాలేదు" అని ఆ జనం మధ్య చెప్పడానికి సిగ్గుపడింది. సిగ్గుపడాల్సినవాడు మడత కుర్చీలో ఉన్నాడు. ఆ తర్వాత పుట్టింటి నుంచి పిలుపు తగ్గింది, తగ్గి తగ్గి ఆగిపోయింది. తమ్ముడి ఆఖరి ఘడియకి రాని అక్కగానే అమ్మ పోయింది. తేగలు మళ్ళీ ముట్టుకోలేదు.

నేను అక్షరాలు నేర్చుకుంది పిల్లల పెళ్ళిళ్ళయ్యాక, మనవరాలి పలక మీద. కూడబలుక్కుని చదవడం రాగానే లైబ్రరీకి పోయి నిఘంటువు తీసి ఆ మాటలే వెతికాను. తొక్కుడుబిళ్ళ పుణ్యమా అని ఒక్కటీ మర్చిపోలేదు. మంచాన పడ్డాడు, ఆఖరుకొచ్చింది, బయల్దేరు. ఇంతే సంగతి. ఇంత చెప్పడానికి ఆ ముసలాడి నోరు రాలేదు.

ఇప్పుడు నాకూ చాలా పెద్ద మాటలొచ్చు. పద్యంలో కనబడితే చప్పరించి చదువుకుంటాను, అక్కడ వాటి అందం వాటిది. మనిషి గుమ్మంలో నిలబడి వాడితే మాత్రం అది మిడిసిపాటే. విశ్వనాథానికి ఈ సంగతంతా చెప్తే తేగ నములుతూ, "మరి మాలాంటివాళ్ళు వాడకపోతే ఆ మాటలు చచ్చిపోతాయి కదండీ" అన్నాడు. "వాడు నాయనా. వాడి, ఎదుటి మనిషి మొహం చూడు. తెలీలేదనుకో, మళ్ళీ చెప్పు" అన్నాను. మా మనవరాలికి చూరంటే తెలీదు, పాతరంటే తెలీదు, తంపటంటే తెలీదు. నావీ దానికి పెద్ద మాటలే. అడిగితే నేల మీద బొమ్మ గీసి చూపిస్తాను. అవన్నీ ఎటూ పోయాయి, ఇక గీతల్లోనే ఉన్నాయి.

ఆ లక్ష్మివారం మా వాకిట్లో ఉన్నది మా అమ్మ రాఘవమ్మ, మా అక్క కోటేశ్వరి, పక్కింటి మస్తాన్‌బీ అత్త, నేను. "అంటే ఏంటి బాబాయ్?" అని అడగడం మాలో ఒక్కరికీ చేతకాలేదు. అడగకుండానే చెప్పాల్సిన నరసయ్య కూడా అక్కడే ఉన్నాడు, చేతిలో తేగల కట్ట పట్టుకుని.