ఊట తగ్గిన డిస్కు

మా నాయన చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. కుందుర్పికి పోయే దారిలో, చెయ్యెత్తితే బస్సు ఆగే ఊరు మాది. తొలివాన పడి నేల పదునెక్కగానే నలుగురైదుగురు రైతులు మా గడప ముందుకు వచ్చేవాళ్లు. నాయన వాళ్ల చేనికి వెళ్లి, తూర్పుకు తిరిగి దండం పెట్టి, గుప్పెడు వేరుశనగ గింజలు మొదటి సాలులో వేయాలి. ఆ తర్వాతే విత్తే గొర్రు కదిలేది. ఇప్పుడు ట్రాక్టరు గొర్రులు వచ్చినా ఆ మొదటి గుప్పెడు మాత్రం నాయన చేతిదే. పండిన ఏడు ‘ఆయప్ప చెయ్యి’ అనేవాళ్లు, ఎండిన ఏడు ‘వాన లేదు’ అనేవాళ్లు. ఇన్నేళ్లలో ఆ చేతిని తప్పుపట్టినవాడు ఒక్కడే. నేను. అది కూడా ఒక ఆటల డబ్బా కోసం.

నేను కుందుర్పిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. చిన్న అంగడి, ఒక బల్ల, ఒక కుర్చీ. విడిభాగాల కోసం బెంగుళూరు వెళ్లినప్పుడు పాత సామాన్లు అమ్మే ఒకాయన, పనికిరాని ఫోన్ల సంచితో పాటు టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా ఒకటి అంటగట్టాడు. ఎవరో వాడి వదిలేసింది. పది నిమిషాలు నడిస్తే కుంపటిలా కాగి ఆగిపోయేది. విప్పి చూస్తే ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. శుభ్రం చేసి, ఫ్యాను మార్చి, లోపల వేడి లాగే కొత్త పేస్టు రాశాక బుద్ధిగా నడిచింది.

ఒక్కటి మిగిలింది, హార్డ్ డిస్కు. ఆటలూ, మనం ఎంతవరకు ఆడామో ఆ గుర్తులూ దాచుకునే పెట్టె అది. పరీక్ష పెడితే అక్కడక్కడా చదవలేని చోట్లు కనిపించాయి. అంగడికి ఎవరైనా అలాంటిది తెస్తే ‘మార్చాల్సిందే’ అని నిక్కచ్చిగా చెప్పేవాణ్ణి. ఇంట్లో వాడుకునేదే కదా, నడిచినన్నాళ్లు నడవనీ అనుకున్నాను. ఊరందరికీ చెప్పే మంచి మాట ఇంటికి వచ్చేసరికి నాకే గుర్తుండదు.

ఆ ఏడాదే నాయనకు మోకాలి ఆపరేషన్ అయింది. నెలల తరబడి చేను ముఖం చూడకూడదన్నారు డాక్టర్లు. మంచం మీద కూర్చుని కనిపించినవాళ్లందరి మీదా చిరాకు పడుతుంటే, వేగలేక ఆ డబ్బా పెట్టి ఇచ్చాను. అందులో సేద్యం చేసే ఆట ఒకటి ఉంది. దున్నాలి, విత్తాలి, నీళ్లు పెట్టాలి, కోయాలి. మొదటిరోజు ఆ రిమోటును తేలును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నాలుగో రోజుకు నేను అంగడికి పోతుంటే తలెత్తి చూడలేదు.

“ఏమప్పా, ఈడ వాన చెప్పిన పొద్దుకి వచ్చేస్తాండాదే!” అని ఒక సాయంత్రం అన్నాడు. ఆయన గొంతులో సంతోషం కంటే అనుమానం ఎక్కువ ఉంది.

ఆ ఆటలో వేరుశనగ లేదు. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, ఉంది. “ఇది గూడా నేలలోనే కదా ఊరేది” అని అదే వేశాడు. ప్రతి ఎనిమిది సాళ్లకు ఒక సాలు వేరే పంట, మా చేలల్లో కంది సాలు వదిలినట్టు. అట్లా వేస్తే ఆటలో ఒరిగేదేమీ లేదని చెప్పాను. “ఒకటి పోయినా ఇంగొకటి నిలబడొద్దా?” అన్నాడు. మా అమ్మ ఆ టీవీ వైపు చూసి, “మీ నాయన నేలలో పండలేదని గోడలో పండిస్తాండాడు” అని నవ్వేది. కర్ర పట్టుకుని నడిచేంత కోలుకున్నా మధ్యాహ్నం రెండు గంటలు ఆ చేనికి పోవాల్సిందే. మా పక్క చేను రైతు, నాయనను ‘అన్నా’ అని పిలిచే మనిషి, ఆయన కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నట్టు కూర్చుని చూసేవాడు. ఏడాది దాటేసరికి ఆ తెర నిండా నాయన చేను పరుచుకుంది.

ఒకరోజు నేను అన్నానికి ఇంటికి వచ్చేసరికి నాయన నల్లటి తెర ముందు కూర్చుని ఉన్నాడు.

“చేను కనపడకుండా పోయినాదప్పా. తిరుగుతాండాది, తిరుగుతాండాది, రాదు.”

నాకు చూడగానే అర్థమైంది. డిస్కు చివరికొచ్చింది. ఎందుకొచ్చిందో కూడా తెలుసు. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంది, దాని లైను అంగడి పని తెచ్చి చేసుకునే నా బల్లకు మాత్రం లాగుకున్నాను. టీవీకీ డబ్బాకూ మామూలు కరెంటే. పోయిన ప్రతిసారీ డిస్కు నడుస్తూ నడుస్తూ దబ్బున ఆగిపోయేది. మొదటే జబ్బుది, పైన ఇన్ని దెబ్బలు. ఇంకో వైరు లాగడానికి నాకు ఒక పూట పట్టేది.

ఆ వైరు లాగలేదన్న ఉక్రోషం ఎక్కడ చూపించాలో తెలియక నాయన మీద చూపించాను. అంగడిలో అప్పుడే ఒకడితో గొడవ పడి వచ్చాను, ఆకలి, ఎండ. ఇవన్నీ సాకులే.

“నువ్వు ఊరికే స్విచ్చి ఆర్పేస్తాంటే పోకుండా ఎట్లుంటాది? నీ చెయ్యి పడితే ఏ సామానూ నిలవదు నాయనా!”

ఆయన ఎప్పుడూ ఊరికే ఆర్పలేదు. నేను నేర్పిన వరస తప్పకుండా ఆట దాచి, బయటికొచ్చి, లైటు ఆరిపోయేదాకా ఆగి, పైన ఇరవై అంకెలు లెక్కపెట్టి మరీ స్విచ్చి తీసేవాడు. నేను కళ్లారా చూశాను. నాయన రిమోటును మెల్లగా మంచం మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

మర్నాడు కొత్త డిస్కు తెచ్చి, పాతదాన్ని ఊడదీసి, ల్యాప్‌టాప్‌కు తగిలించాను. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించగలిగితే నాయన చేను తిరిగొస్తుంది. అంతా ఎక్కించడానికి చాలా గంటలు పడుతుంది. మొదలుపెట్టగానే డిస్కు ఆగి ఆగి గరగరమని చప్పుడు చేసింది. నాయన కర్ర పట్టుకుని వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు.

“శబ్దం యాల వస్తాండాదప్పా?”

“చదవలేక వస్తాండాది. ఒకే చోట మల్లా మల్లా ప్రయత్నం చేస్తాండాది.”

ఆయన కాసేపు విన్నాడు. “మన పాత బోరు మర్చిపోతివా? ఊట తగ్గినంక మోటరు ఎట్ల ఏస్తాంటిమి? పది నిమిషాలు ఏసి ఆపేస్తాంటిమి. గంటసేపు ఊట ఊరనిచ్చి మల్లా పది నిమిషాలు. ఒకే పట్టున తోడితే మోటరు కాలిపోతాదని. దీన్ని గూడా అట్లే తియ్యప్పా. దానికి సమాళించుకునే పొద్దు ఇయ్యి. చేనుండే తావు ఏదో చూసి అది ముందు తీసుకో.”

నేను నవ్వాను. అంగడిలో ముసలివాళ్లు ఫోను గురించి ఏదైనా చెబితే నవ్వే నవ్వు అది. “ఇది బోరు కాదు నాయనా” అన్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే పట్టున నడవనిచ్చాను. ఆటలన్నీ మళ్లీ ఎక్కించుకోగలిగినవే, అవి ముందు వెళ్లాయి. సగం దాటి కొంచెం ముందుకు పోయాక డిస్కు టక్ టక్ మని కొట్టుకుని, ఒక సన్నటి కీచు శబ్దం చేసి, ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. చేను ఆ మిగిలిన దాంట్లో ఉంది.

తర్వాత బెంగుళూరులో ఇలాంటి డిస్కుల నుంచి సమాచారం తీసే పనివాడికి ఫోన్ చేశాను. ఆయన నింపాదిగా, “కావలసింది ముందు తీసుకోవాలి సార్. కొంచెం కొంచెం తీసి ఆపి, చల్లారనివ్వాలి. మీరు ఒకేసారి నడిపేశారా?” అన్నాడు. నేను ఫోను పెట్టేశాను.

నాయన అడిగాడు, “చేను వచ్చిందా?” అని. ఒక్క మాట. నేను లాగని వైరు గురించి, వినని బోరు మాట గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పలేదు. ఊరంతటి ఫోన్లు బాగుచేసేవాణ్ణి, సొంత తండ్రి చేతిలోది చంపేశానని ఎట్లా చెప్పడం?

“రాలేదు నాయనా. ముందే పోయిండాది. స్విచ్చి దెబ్బలకే” అన్నాను.

కొత్త డిస్కు వేసి, ఆట మళ్లీ ఎక్కించి పెట్టాను. బీడు నేల, ఒక గుడిసె. నాయన రిమోటు ముట్టుకోలేదు. “నువ్వు ఒత్తుతాండు, నేను చెప్తా” అన్నాడు. నేను రెండు రోజులు ఒత్తి, పని ఉందని మానేశాను. డబ్బా మీద మా అమ్మ గుడ్డ కప్పింది.

మొదటి వాన పడిన మర్నాడు పొద్దున్నే పక్క చేను రైతు వచ్చాడు. నేను ఇంట్లో బల్ల దగ్గర ఎవరిదో ఫోను విప్పుకుని కూర్చున్నాను. నాయన అరుగు మీద ఉన్నాడు.

“అన్నా, రేపు ఇత్తనం ఏస్తాండాం. బండి మీద పిల్చుకోని పోతా. నీ కాలికి శ్రమ ల్యాకుండా గట్టు కాడికే తీస్కపోతాలే.”

నేను స్క్రూడ్రైవరు పట్టుకుని ఆగిపోయాను.

“ఇప్పుడు నా చెయ్యి బాగలేదప్పా” అన్నాడు నాయన. “ఏది పట్టుకున్నా నిలుస్తాండలేదు. ఏడాది పొద్దు పెంచిన చేను గూడా పోగొట్టుకుంటి. నీ ఇత్తనం ఎందుకు పాడుచేసేది? ఇంగెవరినన్నా పిల్చుకో.”

ఆ రైతు పరిహాసం అనుకుని నవ్వాడు. నాయన నవ్వకపోయేసరికి తగ్గాడు. “సరే అన్నా” అని వెళ్లిపోయాడు. లేచి నాలుగడుగులు వేసి, ‘చేతిది కాదు, నాది తప్పు’ అంటే అయిపోయేది. అరుగు అంత దూరమే. ఆ ఫోనులో ఒక స్క్రూ ఎక్కడో పడిపోతే దాన్ని వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు. మర్నాడు ఆ చేనిలో వేరే ఎవరో గింజలు వేశారు. ఆ వారంలో ఇంకెవరూ మా ఇంటికి రాలేదు. ఆయనే తన చెయ్యి బాగలేదన్నాక ఎవరు వస్తారు?

మా చేనికి నాయన ఇంకో పదును రావాలని ఆగాడు. విత్తనం కాయలు ఒలుచుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం నేనూ వెళ్లి పక్కన కూర్చుని కాయలు అందుకున్నాను. చేతిలో పని ఉంటే చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు. అయినా చెప్పాను. మొదటే జబ్బు డిస్కు అని, వైరు లాగలేదని, బోరు మాట విని ఉంటే చేను దక్కేదని, అన్నీ.

నాయన ఒలుస్తూనే ఉన్నాడు. “అంటే నేను స్విచ్చి తీసింది తప్పు కాదా?”

“కాదు నాయనా.”

“యాడా తప్పు చేయలేదా?”

“యాడా చేయలేదు.”

గింజలు చాటలో పడుతున్నాయి. పుచ్చు గింజ ఒకటి ఏరి అవతల పారేశాడు. “ఆ మాట ఆ పొద్దే చెప్పింటే నేను పోయి నాలుగు గింజలు ఏసొస్తాంటి కదప్పా” అన్నాడు. అంతే. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఆ సాయంత్రమే పక్క చేను రైతు ఇంటికి వెళ్లాను. డిస్కు, కరెంటు, ఇన్వర్టరు, అంతా మొదటి నుంచి చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

“నీ డబ్బా సంగతి నాకేమి తెల్సప్పా? అన్న తన నోటితోనే అన్యాడు. ఇత్తనం గూడా ఏసేస్తిమి.” నా మొహం చూసి జాలిపడ్డాడేమో, “వచ్చే ఏడు చూద్దాంలే” అన్నాడు. మా వైపు ‘చూద్దాంలే’ అంటే ఏమిటో నాకు తెలుసు.

రెండో వాన పడింది. ట్రాక్టరు గొర్రు కట్టుకుని మా చేనికి వచ్చింది. నాయనను బండి మీద తీసుకెళ్లి గట్టు దగ్గర దింపాను. ఆయన కర్ర నాకిచ్చి, సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీసి, నా వైపు చాపాడు.

“నువ్వు ఎయ్యి.”

“నువ్వే ఎయ్యి నాయనా. నీ చెయ్యి మంచిది.”

గట్టు అవతల పక్క చేను అప్పటికే విత్తి చదునుగా ఉంది. నాయన అటు చూశాడు. తర్వాత తన అరచేతిలోని గింజలను చూసుకున్నాడు. తూర్పుకు తిరిగి దండం పెట్టి, మోకాలు నొప్పి పెడుతున్నా వంగి, ఒక్కొక్క గింజా జారవిడిచాడు. లేచి నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

“మొలిస్తే నాది. మొలవకపోతే నీది” అన్నాడు. నవ్వుతున్నాడో లేదో నాకు తెలియలేదు.

విత్తి ఏడు రోజులైంది. మళ్లీ వాన పడలేదు. రోజూ పొద్దున అంగడి తెరిచే ముందు చేనికి వెళ్లి, నాయన వేసిన ఆ మొదటి సాలు దగ్గర కూర్చుని, మట్టి ఎక్కడైనా పగిలిందేమో చూసి వస్తున్నాను.